తుఫాను పని పురోగతిలో ఉంది

వాయుగుండం పుట్టడానికి సరిగ్గా పదకొండు రోజుల ముందు రాళ్లరేవు రేడియో కేంద్రం గుమ్మంలో ఒక లారీ ఆగింది. అందులోంచి ఫ్రిజ్ అంత పెట్టె ఒకటి దిగింది. దాని వెనక ఒక బూడిద గుమ్మడికాయ దిగింది. గుమ్మడికాయ వెనక ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారు దిగారు.

ఆ సమయానికి ముత్యాలు స్టూడియోలో పాడిపశువుల కార్యక్రమం చదువుతోంది. అద్దంలోంచి చూస్తే, ఇంజనీరు ఖాదర్ పెట్టెని ఒక పక్క పట్టుకుని మోస్తున్నాడు. కేంద్రం డైరెక్టర్ సోమసుందరం గారు గుమ్మడికాయని రెండు చేతులా పొదివి పట్టుకుని వస్తున్నారు. ఏదో పెద్ద వస్తువే వచ్చిందని ఆమెకి అర్థమైంది. గుమ్మడికాయ కొట్టి లోపలికి తెచ్చిన వస్తువేదీ ఆ ఆఫీసులో ఇంతవరకూ పనిచేసిన పాపాన పోలేదు.

ముత్యాలు పంతొమ్మిదేళ్లుగా అక్కడ అనౌన్సరు. పుట్టి పెరిగింది ఆ ఊరి జాలరిపేటలోనే. రాళ్లరేవులో తుఫాను హెచ్చరిక అంటే ఇంతకాలం ఆమె గొంతే. వాతావరణ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చేది. ఆమె పాట తగ్గించి, మైకు తెరిచి, "వేటకెళ్లిన వాళ్లంతా వెనక్కి రండి, గాలి మారుతోంది" అని రెండుసార్లు చెప్పి మళ్లీ పాట పెంచేది. మొత్తం నలభై సెకన్లు. ప్రతి పడవలోనూ ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ట్రాన్సిస్టర్ ఒకటి ఉంటుంది. ఆ గొంతు వినబడితే చాలు, ఎంత చేప పడుతున్నా వల పైకి లాగేసేవారు. రేవు దాటి గంట వెళ్తే ఫోన్లు మూగబోతాయి. రేడియో మాత్రం వినబడుతూనే ఉంటుంది.

ఆమెకి పదేళ్లప్పుడు తండ్రి పడవ తిరిగి రాలేదు. అప్పట్లో చెప్పే నాథుడు లేడు. తమ్ముడు దానయ్యని ఎత్తుకుని పెంచింది ముత్యాలే. ఇప్పుడు వాడు పడవేసుకుని వెళ్తే చెప్పడానికి తను ఉంది. తన ఉద్యోగం ఎందుకని ఎవరైనా అడిగితే ఆమె దగ్గరున్న జవాబు అదొక్కటే.

గుమ్మడికాయ పగిలాక సమావేశం మొదలైంది.

"ఈ కేంద్రము నందు నలభై సెకన్లలో హెచ్చరిక జారీ అగుచున్నట్లు మా దృష్టికి వచ్చినది," అన్నారు త్రివిక్రమరావు గారు. ఆయన కాఫీ అడిగినా ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది. "నలభై సెకన్లలో పరిశీలన ఎప్పుడు జరుగుచున్నది? ఆమోదము ఎప్పుడు లభించుచున్నది?"

"గాలి ఆగదు కదండీ, ఆమోదం వచ్చేదాకా," అంది ముత్యాలు.

"అదియే లోపము. పంతొమ్మిది సంవత్సరములలో ఇచ్చట నుండి ముప్పదియొక్క హెచ్చరికలు వెలువడినవి. అందు నాలుగు పర్యాయములు, ప్రకటింపబడిన తుఫాను హాజరు కాలేదు. ఇందుకు బాధ్యులెవరు?"

సోమసుందరం గారు ముత్యాలు వైపు చూశారు. ముత్యాలు కిటికీలోంచి సముద్రం వైపు చూసింది.

"ఆ నాలుగూ దారి మళ్లి పైకి వెళ్లిపోయాయి సార్," అన్నాడు ఖాదర్. "మళ్లమని మేమేం చెప్పలేదు."

"ఇకమీదట ఆధారము లేని ఆపద ప్రకటింపబడదు," అని త్రివిక్రమరావు గారు పెట్టె మీద చెయ్యి వేశారు. "సమగ్ర ఆపద ప్రకటన పోర్టల్. రేడియో, ఫోన్ సందేశములు, రేవులోని సైరను, సమస్తమూ ఈ ఏక గవాక్షము గుండానే పోవలెను. ఆపదకు ముందు ఒక ఫోటో, ఆపద మధ్యలో ఒక ఫోటో, ఆపద పిమ్మట ఒక ఫోటో. మూడింటి యందును బాధ్యత గల అధికారి నిలబడి ఉండవలెను. స్థలము, తేదీ, సమయము ఫోటో మీదనే పడును. మూడునూ అందిన తక్షణమే హెచ్చరిక జారీ అగును. ఒక్క సెకను కూడా జాప్యము ఉండదు."

ముత్యాలు ముందు, మధ్య, పిమ్మట అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"పిమ్మట ఫోటో కూడా పెట్టాక హెచ్చరికా అండీ?" అంది ముత్యాలు.

"పని పూర్తి అయినట్లు రుజువు లేనిదే ఏదియూ విడుదల కాదు. ఇది సర్వత్రా అమలులో ఉన్న పద్ధతి."

ఖాదర్ ఈలోగా తెర మీద వేలితో కిందికీ పైకీ జరుపుతున్నాడు. "సార్, ఇక్కడ 'కాలువ పొడవు, మీటర్లలో' అని అడుగుతోంది."

త్రివిక్రమరావు గారు ఏమీ తొణకలేదు. మురుగు కాలువల పనుల కోసం అంతకు ముందు ఒక పోర్టల్ తయారైందనీ, దాని వల్ల తవ్వని కాలువలు తవ్వినట్టు చూపించడం పూర్తిగా ఆగిపోయిందనీ, అంత గొప్ప సాధనాన్ని పక్కన పెట్టి కొత్తది చేయించడం ప్రజాహితం కాదని పైవారు భావించారనీ వివరించారు. పేరు మార్చారు. మిగతాది అలాగే ఉంచారు.

"కాలువ అయిననూ తుఫాను అయిననూ తుదకు నీటి ప్రవాహమే కదా," అన్నారు.

సోమసుందరం గారు దాన్ని డైరీలో రాసుకున్నారు.

పెట్టెలో ఇంకో విశేషం ఉంది. దానికి మాటల కాపలా అని పేరు పెట్టారు. ఆమోదం లేకుండా ఎవరూ నోరు జారి హెచ్చరిక చెయ్యకుండా, ముప్పై ఏళ్ల పాత హెచ్చరికలన్నీ ఆ యంత్రానికి వినిపించారు. వాటిలో దొర్లిన మాటలన్నీ అది పట్టుకుని దాచుకుంది. ఇప్పుడు మైకులో ఏం మాట్లాడినా తొమ్మిది సెకన్లు ఆలస్యంగా బయటికి వెళ్తుంది. ఆ తొమ్మిది సెకన్లలో అది వింటుంది. దాచుకున్న మాటల్లో ఒక్కటి తగిలినా ఆ మాటల్ని మింగేసి వేణుగానం వినిపిస్తుంది. పెట్టె తీగ పీకితే ట్రాన్స్‌మిటర్ తనంతట తనే ఆగిపోతుంది. అది దాని భద్రతట.

మర్నాడే దాని పనితనం తెలిసింది. గాలికుంటు వ్యాధి మీద ఇరవై నిమిషాల ప్రసంగం ఉంది. "గాలి" పట్టుబడింది. రైతులు ఇరవై నిమిషాలూ వేణువు విన్నారు. సాయంత్రం ఒకాయన ఫోన్ చేశాడు.

"అమా, పాట బాగుంది. గేదె కూడా నిదానంగా ఇన్నాది. మందేటో సెప్పనేదు గానీ."

ఆ వారంలోనే మాక్ డ్రిల్ పెట్టారు. ఆఫీసు వెనక ఇనప డ్రమ్ములో పాత కాగితాలు వేసి తగలెట్టాలి, దాన్ని అగ్నిప్రమాదంగా భావించాలి. ముందు ఫోటోలో సోమసుందరం గారు ఖాళీ డ్రమ్ము పక్కన నిలబడ్డారు. మధ్య ఫోటోలో మంట పక్కన నిలబడ్డారు. గాలి తిరగడంతో కనుబొమ్మ ఒకటి కాస్త కమిలింది. పిమ్మట ఫోటోలో బూడిద పక్కన నిలబడ్డారు. డ్రమ్ము పొడవు మీటర్లలో ఎక్కించారు. మూడో రోజు ఉదయం పెట్టెలోంచి తీయని ఆడగొంతు ఒకటి పలికింది. "అగ్నిప్రమాదం జరుగుచున్నది. తక్షణమే బయటకు రండి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గొంతు తనకన్నా బాగుందని ముత్యాలు కూడా ఒప్పుకుంది.

"మనకి అసలైన ఆపద ఒకటి లభించిన యెడల బాగుండును," అన్నారు త్రివిక్రమరావు గారు, ఆశగా.

మంగళవారం ఉదయం పదీ పదికి లభించింది.

వాతావరణ కార్యాలయం నుంచి ఫోన్. "ముత్యాలు గారూ, రాత్రి ఎనిమిదికి తీరం మీద ఉంటుంది. గట్టిదేనండీ. సాయంత్రం అయిదు దాటాక సముద్రం మీద పురుగు కూడా ఉండకూడదు."

"మీరు మెసేజీలు పెట్టలేదా?"

"అన్నీ ఆ పెట్టెలోకే పంపాలి కదమ్మా. పంపాం. 'పరిశీలనలో ఉంది' అంటోంది."

ముత్యాలు ఫోన్ పెట్టేసి లెక్కేసుకుంది. రాళ్లరేవు పడవలు నలభై ఒకటి నిన్న తెల్లవారుజామున వెళ్లాయి. రేపు గానీ రావు. దానయ్య వాటిలోనే ఉన్నాడు. ఈ రుతువులో వాళ్లు ఉండే చోటు రేవుకి మూడున్నర గంటల దూరం. ఒంటిగంటలోపు పడవలు మళ్లితే ఒడ్డున పడతాయి. లేదంటే లేదు.

ఆమె మైకు తెరిచింది. "వేటకెళ్లిన వాళ్లంతా వెనక్కి రండి." తొమ్మిది సెకన్లు చూసింది. రేడియోలోంచి వేణువు వచ్చింది.

"అబ్బాయిలూ, ఇంటికొచ్చెయ్యండి, సముద్రం బాలేదు." వేణువు.

"బేగి రండి. ఒడ్డుకి రండి." వేణువు.

నాలుగోసారి "తమ్ముడూ" అని మొదలుపెట్టింది. ఎప్పుడో ఏ తుఫానులోనో నోరు జారి ఆ మాటా అనేసినట్టుంది. దానికీ వేణువే వచ్చింది.

ఇంకో గంట మాటలు మార్చి మార్చి చూసి ఆమె బయటికి వచ్చేసరికి త్రివిక్రమరావు గారు పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ముఖం పెళ్లిపెద్దలా వెలిగిపోతోంది. తెర మీద పని పేరు 'తుఫాను' అని ఉంది. పని ప్రారంభించిన తేదీ, పూర్తి చేయు తేదీ, పొడవు, వెడల్పు అన్నీ ఎక్కించారు. లోతు దగ్గర కొంచెం తటపటాయించి ఒక మీటరు వేశారు.

"ముందు ఫోటో అందినది," అన్నారు. "డైరెక్టర్ గారు ఇప్పుడే రేవు నుండి పంపినారు."

తెర మీద సోమసుందరం గారు నీలంగా మెరుస్తున్న సముద్రం ముందు పలక పట్టుకుని నిలబడి ఉన్నారు. పలక మీద 'తుఫానుకు ముందు' అని రాసి ఉంది. ఆయన వెనక ఒక కుక్క నిద్రపోతోంది.

"మధ్య ఫోటో?" అంది ముత్యాలు.

"పంపినారు. తిరస్కరింపబడినది."

అదే సముద్రం. పలక తిప్పి పట్టుకున్నారు. కుక్క లేచి ఒళ్లు విరుచుకుంటోంది. కింద ఎర్ర అక్షరాల్లో 'పని జరుగుచున్నట్లు కనిపించుట లేదు' అని పడింది.

"సార్, పడవలు ఒంటిగంటలోపు మళ్లాలి. ఇప్పుడు పదకొండున్నర."

"తొందర పడరాదమ్మా. తుఫానును రానిండు. అప్పుడు మధ్య ఫోటో సహజముగా లభించును."

"వచ్చేశాక ఎవరికండీ చెప్పడం?"

"శ్రోతలకే. ఆధారముతో సహా."

అరిస్తే పెట్టెకి వినబడుతుందేమో గానీ ఈయనకి వినబడదని తెలిసిపోయింది. ఖాదర్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"అక్కా, నాలుగేళ్ల కిందటి తుఫాను ఫోటోలు నా దగ్గరున్నాయి. మధ్యదీ ఉంది, పిమ్మటదీ ఉంది. ఆగు."

ఎక్కించాడు. పెట్టె పావుగంట ఆలోచించింది. తర్వాత, 'ఇది పాత పని. పూర్తయిన పనిని మరల చూపుట నేరము' అని చెప్పి, ఖాదర్ పేరు నల్లజాబితాలో పెట్టింది. పన్నెండు దాటింది.

బయట ఎండ కాస్తూనే ఉంది. కొబ్బరాకు కదలడం లేదు. అలా కదలని గాలి అంటేనే ముత్యాలుకి భయం. తండ్రి వెళ్లిన రోజు కూడా ఆకు కదల్లేదని అమ్మ చెప్పేది.

ఆమె త్రివిక్రమరావు గారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "సార్, దీనికి మినహాయింపు అంటూ ఏదీ ఉండదా? ప్రతి దానికీ ఉంటుంది కదండీ."

ఆ మాట పనిచేసింది. మినహాయింపు అనేసరికి ఆయన చూపులో ఒక ఆప్యాయత వచ్చింది. ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేశారు. అక్కడ ఒకరు ఇంకొకరికి ఇచ్చారు, ఆ ఇంకొకరు భోజనానికి వెళ్లబోతూ మళ్లీ వచ్చి మాట్లాడారు. పన్నెండూ ముప్పై అయిదుకి ఆయన ఫోన్ పెట్టేసి చేతులు రుద్దుకున్నారు.

"ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా సడలింపు లభించినది. ఫోటోలు వెనుక సమర్పించుకొనవచ్చును. లబ్ధిదారుల వేలిముద్రలు ఉన్న యెడల చాలును."

"లబ్ధిదారులంటే?"

"ఈ తుఫాను వలన ఎవరు ప్రభావితులగుదురో వారు. వారు స్వయముగా వచ్చి, తమకు ఈ హెచ్చరిక అవసరమని వేలిముద్ర వేయవలెను. పిమ్మట వారికి హెచ్చరిక అందజేయబడును. వారు ఎచ్చట ఉన్నారు?"

"సముద్రం మీద."

"అయితే పిలిపింపుడు."

ముత్యాలు కుర్చీ ముందుకి జరుపుకుంది.

"పిలిపించమంటారా సార్?"

"నిబంధన స్పష్టముగా ఉన్నది. నాలుగున్నర లోపల రేవులో హాజరు కావలెను. వేలిముద్ర యంత్రము పట్టుకుని నేనే స్వయముగా కూర్చుందును."

"రేడియోలో చెప్పొచ్చా?"

"లబ్ధిదారుల హాజరు సాధారణ సమాచారము. దానికి ఆమోదము అవసరము లేదు."

ముత్యాలు స్టూడియోలోకి పరిగెత్తింది. కూర్చుని, మైకు తెరవకుండా ఒక్క క్షణం ఆగింది. వెనక్కి అనకూడదు. ఒడ్డు అనకూడదు. రండి అనకూడదు. పడవ, వేట, ఇల్లు, తమ్ముడు, ఏదీ అనకూడదు. తన సొంత మాటలన్నీ ఆ పెట్టె కడుపులో ఉన్నాయి. ఇక మిగిలింది త్రివిక్రమరావు గారి మాటలే. ముప్పై ఏళ్లలో ఏ తుఫానునీ ఎవరూ ఆ భాషలో హెచ్చరించి ఉండరు.

మైకు తెరిచింది.

"జాలరిపేట నివాసితులకు ముఖ్య గమనిక. బోటు యజమానులు, బోటుపై పనిచేయు సిబ్బంది యావన్మంది, ఈ దినము సాయంత్రం నాలుగున్నర లోపల రేవు నందు స్వయముగా హాజరై వేలిముద్ర వేయవలెను. ప్రతినిధులను అనుమతింపరు. ఆ పిమ్మట హాజరైన వారి పేరు జాబితాలో ఉండదు."

మైకు మూసింది. అద్దం అవతల ఖాదర్ రేడియోకి చెవి ఆనించి వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. అయిదు. ఆరు. సోమసుందరం గారు రేవు నుంచి అప్పుడే వచ్చి, విషయమేమిటో తెలియకుండానే ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎనిమిది. తొమ్మిది.

రేడియోలోంచి ముత్యాలు గొంతు వచ్చింది. "జాలరిపేట నివాసితులకు ముఖ్య గమనిక." మొదటి నుంచి చివరి దాకా ఒక్క అక్షరం పోలేదు. వేణువు ఊసే లేదు.

ఆమె ఇంకో రెండుసార్లు చదివింది. అప్పుడు పన్నెండూ యాభై.

బయటికి రాగానే త్రివిక్రమరావు గారు అడిగారు. "జాబితాలో పేరు ఉండదని నేను చెప్పితినా?"

"రాకపోతే పేరు ఎక్కడ ఉంటుందండీ," అంది ముత్యాలు.

జాలరిపేటలో మనిషి బతికున్నట్టు రుజువు వేలిముద్రే. బియ్యానికి అదే, పింఛనుకి అదే, వేట నిషేధం రోజుల్లో ఇచ్చే భృతికి అదే. బొటనవేలు పట్టుకుని వెళ్లడం ఒక్కరోజు ఆలస్యమైనందుకు బతికున్న ముసలమ్మల్ని కాగితాల మీద చంపేసిన సందర్భాలు పేటలో మూడు ఉన్నాయి. తుఫానంటే వాళ్లు ఆకాశం చూస్తారు, గాలి వాసన చూస్తారు, ఇంకో గంట చూద్దాంలే అనుకుంటారు. వేలిముద్రంటే ఏమీ చూడరు. కొందరు వలలు పైకి లాగే తీరిక కూడా లేక కోసేసి వచ్చారని తర్వాత తెలిసింది.

నాలుగూ అయిదుకి మొదటి పడవ కనబడింది. నాలుగున్నరకి ముప్పై ఎనిమిది వచ్చేశాయి. రేవులో షామియానా వేశారు. దాని కింద బల్ల, బల్ల మీద వేలిముద్ర యంత్రం, దాని వెనక త్రివిక్రమరావు గారు. బల్ల ముందు నుంచి ఐసు ఫ్యాక్టరీ దాకా వరస. నెట్టుకోవడాలు, తిట్టుకోవడాలు, 'నేను ముందొచ్చినాను' అనడాలు.

ముత్యాలు వరసని చూడటం లేదు. సముద్రాన్ని చూస్తోంది. అంచున మబ్బు తారులా కమ్ముకొస్తోంది. ఇంకా మూడు పడవలు రావాలి. ఒకటి వచ్చింది, దానయ్య కాదు. ఇంకొకటి వచ్చింది, అదీ కాదు. అయిదూ పదికి, నీళ్లు నల్లబడ్డాక, చివరిది అలల మీద ఎగిరెగిరి పడుతూ వచ్చింది. దానయ్య దిగీ దిగకముందే బొటనవేలు లుంగీకి తుడుచుకుంటూ పరిగెత్తాడు.

"అక్కా, పేరుందా? ఇంజిను ఆగిపోనాది, దార్లో రెండుసార్లు. మీ ఆఫీసరికి సెప్పు. పేరు తీసీమాకని సెప్పు."

ముత్యాలు వాడి తడిచొక్కా రెండు చేతుల్తో పట్టుకుంది.

"ఏటే, ఏడుస్తన్నావేటి? తీసీసినారా?"

"ఉందిరా. నీ పేరుంది. నువ్వు ముందు ఇంటికి పో."

"ముద్రెయ్యకండానా?" అని వాడు వెళ్లి వరసలో నిలబడ్డాడు.

చిక్కు అక్కడొచ్చింది. జాలరి వేళ్లు తాళ్లు లాగి లాగి నున్నగా అరిగిపోయి ఉంటాయి. యంత్రం ఒక్కో వేలుకి అయిదారుసార్లు 'మనిషి గుర్తింపబడలేదు' అంటోంది. త్రివిక్రమరావు గారు పట్టుదల గల మనిషి. తన జేబురుమాలుతో ఒక్కొక్క బొటనవేలూ తుడిచారు, నిమ్మచెక్కతో రుద్దించారు, కొన్నిటిని తన చేత్తో నొక్కి పట్టుకున్నారు. గాలి మొదలైంది. వేసినవాళ్లని వేసినట్టు ముత్యాలు, ఖాదర్ పిల్లాజెల్లాతో సహా పైనున్న బడికి తోలేస్తున్నారు.

ఆరుంబావుకి ఇంకా నాలుగు వేళ్లు మిగిలాయి. వాన సూదుల్లా పడుతోంది.

"సార్, చాలు, లేవండి," అన్నాడు ఖాదర్.

"నూట అరవై ఎనిమిదిలో నూట అరవై నాలుగు," అని అరిచారు ఆయన. "అసంపూర్ణ జాబితా చెల్లదు."

అంతలో షామియానా లేచింది. మూడు గుంజలు ఊడిపోయాయి. నాలుగోదాన్ని త్రివిక్రమరావు గారు రెండు చేతులా, ఒక కాలితోనూ కౌగిలించుకుని ఉన్నారు. కళ్లద్దాలు లేవు. వెనక తాటిచెట్టంత అల లేచింది. సోమసుందరం గారు ఎక్కడి నుంచో ఫోన్ పైకెత్తి, ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఎవరి అనుమతీ అడగకుండా ఒక ఫోటో తీశారు.

ఆ తర్వాత మిగిలిన నలుగురు లబ్ధిదారులూ ఆయన్ని గుంజతో సహా ఎత్తుకుని బడికి మోసుకెళ్లారు. దారిలోనే ఫోటో పెట్టెకి చేరింది. పెట్టె ఈసారి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. 'పని పురోగతిలో ఉంది. సంతృప్తికరం.'

తుఫాను చెప్పిన వేళకే వచ్చింది, చెయ్యాల్సింది చేసి పోయింది. పేటలో కప్పులు ఎగిరాయి, పడవలు కొన్ని విరిగాయి. మనిషి ఒక్కరూ పోలేదు.

పిమ్మట ఫోటోకి మాత్రం కష్టమైంది. సోమసుందరం గారు పడిపోయిన చెట్టు పక్కన నిలబడి పంపితే 'శుభ్రత లోపించినది' అని పెట్టె తిప్పి పంపింది. చెట్లు నరికించి, బురద ఎత్తించి, సున్నం చల్లించి, తొమ్మిదో రోజు మళ్లీ పంపారు. అంగీకరించింది. అదే రోజు ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. హెచ్చరిక జారీకి తొమ్మిది దినములు ముందే ప్రజలు సురక్షిత ప్రాంతములకు చేరుట దేశమునందే ప్రథమమనీ, ఇది పోర్టల్ ఘనతనీ, త్రివిక్రమరావు గారు మిగతా రేవులన్నిటిలోనూ పెట్టెలు ప్రారంభించాలనీ అందులో ఉంది. ఆయన ముత్యాలుకి ఒక ప్రశంసాపత్రం ఇచ్చి వెళ్లారు. 'లబ్ధిదారుల సమీకరణలో సహకరించినందులకు' అని ఉంది.

పదో రోజు ఉదయం ఎండ ఫెళ్లున కాస్తోంది. బాగుచేసుకున్న పడవల్ని పేటవాళ్లు నీళ్లలోకి దింపుతున్నారు. పెట్టె తనంతట తనే మేలుకుంది. రేడియోలో పాట ఆగింది, రేవులో సైరను మోగింది, అందరి ఫోన్లూ ఒక్కసారిగా గణగణమన్నాయి. తీయని ఆడగొంతు పలికింది. "తీవ్ర తుఫాను సమీపించుచున్నది. సముద్రము మీదకు వెళ్లరాదు."

రెండు నిమిషాలకి ముత్యాలు ఫోన్ మోగింది. దానయ్య.

"అక్కా, రేడియోల ఎవత్తో తుఫానొస్తందని సెప్తంది. నీ గొంతు కాదు."

"నేను కాదురా. పెట్టె."

"నిజంగా వస్తందేటి?"

మొన్నటిదే ఇవాళ చెప్తోందని ముత్యాలు వివరించబోయింది. మళ్లీ ఆగింది. వచ్చే నెల నిజంగానే ఒకటి వచ్చిందనుకో, అప్పుడూ ఇదే గొంతు ఇవే మాటలు చెప్తుంది. ఆ రోజు వీడు ఏం చెయ్యాలో ఇప్పుడే చెప్పాలనుకుంది. ఆమె మాటలు వెతుక్కునేలోగా దానయ్యే అడిగాడు.

"వేలిముద్ర అడిగినారేటి?"

"నేదురా, అది కాదు, నా మాటిను..."

"మరింకేటి. అడగనేదంటే తుఫాను కాదన్నమాట."

ఫోన్లో పడవ ఇంజిను చప్పుడు మొదలైంది.